కరెంటు బండియు, ఇంటి లెక్కయు

ఆదాయ వ్యయముల లెక్క పురుషుల పనియనియు, వంటయిల్లు మాత్రమే మన పనియనియు తలచిన దినములు గడచిపోయినవి. నేడు పెక్కు గృహములలో ఖర్చు వ్రాయుచున్నది మనమే. అయినను లెక్క వ్రాయుట వేరు, సొమ్ము నిలుపుట వేరు. ఈ రెంటికిని గల భేదమును మేము తెలిసికొనుటకు మా కోడలి చెవికమ్మలు ఐదు మాసములు బ్యాంకులో నుండవలసివచ్చెను. ఆ వృత్తాంతమును, దానిచే మేము నేర్చినదానిని విన్నవింపదలచితిమి.

మాది తర్లుపాడు. మార్కాపురమునకును కంభమునకును నడుమ రైలుదారిపై నున్న యూరు. ఇచట వానలు తక్కువ. కందియో, ప్రత్తియో, మిరపయో వేసి ఆకాశము వంక చూచువారే యెక్కువ. ఈ ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు దోషముండుటచే త్రాగునీటి డబ్బాలకు సయితము మాసమునకింత యని తీసియుంచవలెను. ఇట్టిచోట మిగులు అనుమాట వినుటయే అరుదు. మా కోడలు మార్కాపురమున నొక పలకల కార్ఖానాలో లెక్కలు వ్రాయును. రానుపోను దినమునకు సుమారు 30 కిలోమీటర్లు.

పూర్వము ఆమెకొక పెట్రోలు స్కూటరుండెడిది. అది లీటరునకు 45 కిలోమీటర్లు నడచును. మాసమునకు 25 దినముల చొప్పున 750 కిలోమీటర్లనగా దాదాపు 17 లీటర్లు. లీటరు 110 రూపాయల దాపుననుండుటచే మాసమునకు 1,850 రూపాయలు బంకులోనే పోయుచుంటిమి. 2022 నవంబరులో పాత బండి నమ్మి, మా పొదుపు సంఘమున కొంత అప్పు తీసి, రెండును చేర్చి కరెంటు బండిని కొంటిమి.

మా వారికి మొదట సందేహము. “కరెంటు మాత్రము ఊరక వచ్చునా?” అనిరి. న్యాయమైన ప్రశ్నయే గనుక మేము బిల్లులను ముందు పెట్టుకొని లెక్క చూచితిమి. 100 కిలోమీటర్లకు మూడున్నర యూనిట్లు పట్టును; మాసమునకు 27 యూనిట్లు. అయితే మన రాష్ట్రమున ఇంటి కరెంటునకు ధర ఒకే తీరుగా నుండదు. మెట్లు మెట్లుగా పెరుగును. 76 మొదలు 125 యూనిట్ల వరకు యూనిటునకు 4.50, 126 మొదలు 225 వరకు 6.00, ఆపైన 400 వరకు 8.75 రూపాయలు. బండికి కావలసిన యూనిట్లు ఎప్పుడును మన వాడుకకు పైమెట్టున వచ్చి చేరును. మేము మామూలుగా 110 యూనిట్లు వాడుదుము. దానిపై 27 చేరగా, 15 యూనిట్లు ఒక మెట్టునను, 12 యూనిట్లు పైమెట్టునను పడి 140 రూపాయలయ్యెను. ఎండకాలమున కూలరు తిరుగుటచే వాడుక 210కి పోవును. అప్పుడు ఆ 27 యూనిట్లకే 195 రూపాయలు. ఇతర రుసుములు కలిపినను 250 దాటలేదు. కనుక మాసమునకు 1,600 రూపాయలు మిగులుననుట నిశ్చయము. కరెంటు బండి కొనదలచు సోదరీమణులు తమ బిల్లు ఏ మెట్టుననున్నదో ముందుగా చూచుకొనవలెను. మా కిది లాభించినది. ఇదివరకే 400 యూనిట్లు దాటు నింట లాభము కొంత తగ్గును.

మార్కాపురము పలకలకు పేరు పొందినదని మీరెరుగుదురు. మా వంటయింటి గోడకు నొక పెద్ద పలక వ్రేలాడుచుండెడిది. అందు మేము ప్రతి దినము ఖర్చు వ్రాసి, మాసాంతమున కూడి, తడిగుడ్డతో తుడిచివేయుచుంటిమి. “పెట్రోలు” అను పంక్తి పోయి “బండి కరెంటు” అను చిన్న పంక్తి వచ్చినందులకు ఎంతయో సంతసించితిమి. ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. అట్లు 18 మాసములు గడచెను.

2024 మే మాసమున మండుటెండలో నొకనాడు బండి దారిలో నిలిచిపోయెను. మా కోడలు దానిని ఒక ట్రాలీ ఆటోపై వేయించుకొని దుకాణమునకు చేర్చెను. మోటారునకు కరెంటు నందించు భాగము చెడినదనియు, దానిని మార్చుటకు 14,000 రూపాయలగుననియు వారు చెప్పిరి. “హామీ యున్నది గదా” యని అడుగగా, సర్వీసు గడువు రెండుమారులు తప్పుటచే హామీ చెల్లదనిరి. గడువు తప్పినమాట నిజమే. ఆ షరతు నింత స్పష్టముగా అమ్మునాడు మాకు వారు చెప్పకపోవుటయు నిజమే. వాదించి ప్రయోజనము లేకపోయెను.

మా వారు “పద్దెనిమిది నెలల మిగులు ఉన్నది గదా, తెండు” అనిరి. నెలకు 1,600 చొప్పున 28,800 రూపాయలుండవలెను. మేము బియ్యపు డబ్బా వెనుకనుండు చిన్న పెట్టెను తెరచితిమి. అందు 640 రూపాయలుండెను.

ఎవరును దొంగిలింపలేదు. ఎవరును విలాసముల పాలుచేయలేదు. ఫోను రీచార్జీలు, తపాలాలో వచ్చిన చీరలు, రెండు పెండ్లిండ్లలో చదివింపులు, పిల్లవాని పుట్టినదినము, సాయంకాలపు మిర్చిబజ్జీలు, ఈ విధముగా మిగులు మిగులుచుండగనే కరగిపోయెను. ఎప్పుడు దేనికి పోయినదో చూతమన్న పలక ఏ మాసమునకామాసము తుడిచివేయబడినది. తప్పు మాదే. ఇంటి పెత్తనము మాది గనుక కోడలిని ఒక్కమాటయు అనుటకు మాకు నోరు రాలేదు.

ఆమెయే లోపలికి పోయి చెవికమ్మలు తీసి మా చేతిలో పెట్టెను. అవి కాలము చేసిన ఆమె తల్లి ఇచ్చినవి. “అత్తయ్యా, ఉద్యోగము పోకుండ కాపాడుకొనవలెను గదా” యని మాత్రమనెను. బ్యాంకులో వానిపై అప్పు తీసి బండి బాగుచేయించితిమి. బండి వచ్చునంతవరకు పది దినములు ఆమె బస్సులకై వేచి, రెండుమారులు ఆలస్యమై జీతము కోయించుకొనెను. చెవి రంధ్రములు పూడిపోకుండ వేపపుల్లలు గ్రుచ్చుకొని కార్ఖానాకు పోవుచుండ చూచి మేము పడిన సిగ్గు ఇంతింత కాదు.

ఆ వారములోనే యొకనాటి రాత్రి మా వారు పత్రిక చదువుచు, “కంపెనీలకు లక్షల కోట్లు పన్ను తగ్గింతురు. మనకు కమ్మల తాకట్టు!” అనిరి. అందులకు మా కోడలు నవ్వి, “మామయ్యా, తగ్గింపు సంగతి తరువాత. పన్ను కట్టుటకు ముందే వ్యాపారులు లెక్కలో నొక పంక్తి వ్రాసికొందురు. మన మది వ్రాయలేదు” అనెను.

ఆ పంక్తి పేరు అరుగుదల. ఆమె చెప్పిన విధము నిచట వ్రాయుదుము. కార్ఖానాలో లక్ష రూపాయల యంత్రమున్నదనుకొనుడు. ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారము సామాన్య యంత్రములకు ఏటికి 15 శాతము అరుగుదల వ్రాయవచ్చును. మొదటి యేడు 15,000; మిగిలిన 85,000 మీద రెండవ యేడు 12,750; ఇట్లు తగ్గుచు పోవును. జీతములు, కరెంటు, ముడిసరకు, అప్పులపై వడ్డీ, ఈ అరుగుదల, ఇన్నియు తీసివేసిన పిమ్మట మిగిలినదే లాభము. పన్ను ఆ లాభము మీదనే. లాభము లేనినాడు ఆదాయపు పన్నును లేదు. వ్రాసినంతమాత్రమున సొమ్ము వచ్చి పెట్టెలో కూర్చుండదనియు, తెలివిగల యజమాని ఆ మేరకు సొమ్మును నిజముగా ప్రక్కకు పెట్టుననియు, పెట్టనివాడు యంత్రము విరిగిననాడు మనవలెనే తాకట్టునకు పోవుననియు ఆమెయే చెప్పెను.

కంపెనీల పన్ను తగ్గించినమాటయు నిజమే. 2019 సెప్టెంబరు 20వ తేదీన ఆర్థికమంత్రిణి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారు ప్రకటించిన ప్రకారము, ఇతర మినహాయింపులు వదలుకొను దేశీయ కంపెనీలకు పన్ను 22 శాతము. 2019 అక్టోబరు 1 తరువాత నేర్పడి, నియమిత గడువులోపల ఉత్పత్తి నారంభించిన క్రొత్త తయారీ కంపెనీలకు 15 శాతము. అదనపు రుసుములు చేర్చి ఇవి 25.17, 17.16 శాతములగును. ఆ గడువు 2024 మార్చి 31తో ముగిసెను. దీనివలన ఏటికి 1,45,000 కోట్ల రూపాయల రాబడి తగ్గునని ప్రభుత్వమే అంచనా వేసెను. తగ్గిన పన్నుతో కంపెనీలు క్రొత్త కార్ఖానాలు పెట్టుననియు, పనులు పెరుగుననియు వారి ఆశయము. అట్లు పెట్టుబడులు పెరిగినవా లేదా యను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. 2023-24లో నికరముగా కంపెనీల పన్ను సుమారు 9.11 లక్షల కోట్లు రాగా, వ్యక్తుల ఆదాయపు పన్ను 10.44 లక్షల కోట్లు వచ్చెను. ఈ మార్పునకు పన్ను తగ్గింపు ఒక్కటియే కారణము కాకపోవచ్చును. అయినను జీతగాండ్ర ఇండ్లవారు ఈ రెండంకెలను తెలిసియుండుట మంచిది.

ఇందు మరియొక వింత కలదు. ఈ తగ్గింపు కంపెనీల చట్టము క్రింద నమోదైనవారికే. మార్కాపురమున వలె నలుగురు కలిసి భాగస్వామ్యముగా నడుపుకొను చిన్న వ్యాపారములకు పన్ను 30 శాతమే. మరియు కరెంటు స్కూటర్లు చేయు పేరుమోసిన కంపెనీలలో కొన్ని 2024-25 వరకును నష్టములనే చూపినవి. లాభమే లేనివారికి పన్ను తగ్గించిన నేమి, పెంచిన నేమి? వారిని నిలబెట్టినవి వాటాదారుల సొమ్మును, ప్రభుత్వపు సహాయమును.

ఆ సహాయము బండి కొనువారికిని కొంత చేరినది. మేము కొనునాటికి కేంద్రము బ్యాటరీ శక్తి యూనిటు ఒక్కింటికి 15,000 రూపాయల చొప్పున, బండి ధరలో 40 శాతము మించకుండ ఇచ్చుచుండెను. ఆ మొత్తము తగ్గించియే దుకాణమువారు మాకు ధర కట్టిరి. 2023 జూన్ 1 నుండి అది 10,000కును, 15 శాతమునకును తగ్గెను. కంభములో మా చెల్లెలి కుమార్తె ఆ పిమ్మట అటువంటి బండినే కొని మాకంటె 20,000 పైచిలుకు ఎక్కువ ఇచ్చెను. 2024 ఏప్రిలు నుండి 5,000. ఆపైన నింకను తక్కువ. అప్పు చేసి కరెంటు బండి కొన్నవారికి వడ్డీపై లక్షన్నర వరకు ఆదాయపు పన్ను మినహాయింపును కలదనిరి గాని, అదియు 2023 మార్చిలోపల మంజూరైన అప్పులకే. మా కోడలి జీతము పన్ను కట్టునంతటిది కాదు. పన్ను లేనివారికి పన్ను మినహాయింపు ఏమి యుపకరించును? ఇట్టి కానుకలు పెద్ద జీతముల ఇండ్ల గడప దాటి మన గడపకు రావు.

వస్తువుల పన్నులోను ఇట్లే మార్పులు వచ్చినవి. 2019 ఆగస్టు 1 నుండి కరెంటు బండ్లపై జీ.ఎస్.టీ. 12 నుండి 5 శాతమునకు తగ్గెను. పెట్రోలు స్కూటర్లపై 28 శాతముండెడిది. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు బండ్లపై అదియు 18 అయ్యెను. తేడా 23 పాళ్లనుండి 13 పాళ్లకు దిగినది. మరి పెట్రోలుపై మన రాష్ట్రము 31 శాతము పన్నును, లీటరునకు 4 రూపాయలును, రోడ్ల కొరకు మరియొక రూపాయియు వసూలుచేయుచున్నది. కేంద్రపు సుంకము వేరు. అందరును పెట్రోలు మానినచో ఆ రాబడి యెక్కడనుండి రావలెను? ఏదో యొకనాడు కరెంటుమీదనో, రోడ్డుమీదనో, బండిమీదనో పన్ను వేయక తప్పదని మాకు తోచుచున్నది. కనుక నేటి రాయితీని శాశ్వతమైన ఆస్తిగా నెంచి ఇంటి లెక్క కట్టరాదు. రాయితీ లేకున్నను లాభమా యని చూచి కొనుటయే గృహిణి ధర్మము.

పొదుపు విషయమునను కాలము మారినది. పూర్వము తపాలా కార్యాలయములోనో, భవిష్యనిధిలోనో, భీమాలోనో దాచినవారికి లక్షన్నర వరకు పన్ను మినహాయింపు గలదు. పన్ను తప్పించుకొనుటకైనను కొందరు పొదుపు చేసిరి. క్రొత్త పన్ను పద్ధతిలో ఆ మినహాయింపు లేదు. అందులకు బదులు 2025-26 నుండి 12 లక్షల ఆదాయము వరకు పన్నే లేదు. మంచిదే. కాని ఇక పొదుపు చేయుమని వెనుకనుండి తరుమువారు లేరు. 2022-23లో దేశములోని కుటుంబముల నికర ద్రవ్యపు పొదుపు, అప్పులు పోగా, దేశాదాయములో 5 శాతమునకు చేరువగా పడిపోయినట్లు రిజర్వు బ్యాంకు లెక్కలు తెలిపినవి. రెండేండ్ల క్రిందట, వ్యాధి భయముచే అందరును ఇంటనుండినప్పుడు, అది 11 శాతము దాటియుండెను. ఆ సంగతి విన్నప్పుడు మా పెట్టెలోని 640 రూపాయలు జ్ఞాపకము వచ్చినవి.

ఇక మేము చేసిన యేర్పాటు చెప్పెదము. మొదట పలకను గోడనుండి దింపి మనుమనికి అక్షరములు దిద్దుటకిచ్చి, ఖర్చునకు గట్టి అట్టగల పుస్తకమును పెట్టితిమి. తుడుచుటకు వీలులేని లెక్కయే లెక్క. రెండవది, కోడలి జీతము వచ్చిన నాడే, కూరగాయలైనను కొనకముందే, ఆ 1,600 రూపాయలను మూడు పాళ్లు చేయుదుము. 1,000 రూపాయలు తపాలా కార్యాలయపు అయిదేండ్ల వాయిదా ఖాతాకు. 300 సర్వీసునకును, టైర్లకును, బండి భీమాకును. తక్కిన 300 మా కోడలివి. దాని లెక్క ఎవరును అడుగరాదు. ఈ చివరి నియమము మా వారు పెట్టినది. కష్టపడి తెచ్చునామెకు తన యిష్టమున ఖర్చుచేయు సొమ్ము కొంతయైనను లేనిచో, ఏ యేర్పాటును నిలువదని వారి మతము. అది సరియేనని మాకును తోచెను. మొదటి మారు ఆ 300తో ఆమె ఏమి కొనెనో మేమడుగలేదు గాని, ఆ సాయంకాలము ఇంటికి వేడి వేడి మిర్చిబజ్జీలు వచ్చినవి!

బండి బ్యాటరీ సయితము పలక వంటిది కాదు. ఏండ్లు గడచుకొలది బలము తగ్గును. క్రొత్తది వేయింపవలసివచ్చినచో 60,000 దాపున అగునని మాతో చెప్పిరి. 2024 జూలైలో ఖాతా తెరచునాటికి వడ్డీ 6.7 శాతము, మాసమునకు 1,000 చొప్పున అయిదేండ్లు కట్టిన 71,000 పైచిలుకు చేతికి వచ్చును. 2025 డిసెంబరు నాటికి 18 వాయిదాలు కట్టితిమి. ఒకప్పుడు 18 మాసములలో 640 మిగిల్చిన యింటనే, అదే జీతముతో, అన్ని మాసములలోనే 18,000 చేరినది. బ్యాటరీ చెడకున్న ఆ సొమ్ము మనుమని చదువునకగును. చెడిన కమ్మలు చెవులనుండి కదలవు.

మనకిది క్రొత్త విద్య కాదు. మా పొరుగు జిల్లా యైన నెల్లూరులో, దూబగుంట స్త్రీలు సారాపై పోరాడిన పిమ్మట, 1990వ దశకమున దినమునకొక రూపాయి చొప్పున పొదుపు చేయు సంఘములు వందలు, వేలుగా పుట్టినవి. నేడు మేము అప్పు తీసికొను మా సంఘమును ఆ వరుసలోనిదే. ఆ తల్లులు తమ మగవారు సారా మానగా మిగిలిన సొమ్మును మరల ఇంకొక దారిన పోనీయక వెంటనే ప్రక్కకు పెట్టిరి. మేము పెట్రోలు మాని, ఆ రెండవ పని మరచితిమి.

కంపెనీలకు పన్ను ఎంత యుండవలెనో నిర్ణయించుట మన చేతిలో లేదు. ఓటు వేయునాడు అడుగవచ్చును, అడుగవలెను. రాయితీలు వచ్చును, పోవును. కాని ఇంటిలో మిగిలిన రూపాయి ఏ సాయంకాలమునకు ఎక్కడ నుండవలెనో నిర్ణయించునది మనమే. మీ యింటను కరెంటు బండి గాని, కుట్టు యంత్రము గాని, పిండిమర గాని యున్నచో, ఈ మాసమే అరుగుదల పంక్తిని మీ ఖర్చు పుస్తకములో మొదటి పుటనే వ్రాసి, ఆ సొమ్మును ఆనాడే తీసియుంచుడని మా మనవి.

కమ్మలు 2024 అక్టోబరులో విడిపించితిమి. పండుగ దినమున మా కోడలు వానిని ధరించి వచ్చి మాకు నమస్కరించినప్పుడు, ఆశీర్వదించుటకు చేయి యెత్తితిమి గాని, కొంతసేపు మాట రాలేదు.